ఒకటో తరగతి డెమోకి రంగులు తీసుకెళ్లండి

ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనుకోండి. సర్టిఫికెట్లు చూశారు, జీతం ఎంత అనుకుంటున్నారో అడిగారు. చివర్లో ‘ఓ ఇరవై నిమిషాలు ఫస్ట్ క్లాసుకు డెమో ఇవ్వండి’ అని లోపలికి పంపారు. ఎదురుగా ముప్పై మంది పిల్లలు. చాలామంది అభ్యర్థులు చేసే పని ఒక్కటే. బోర్డు మీద పెద్దగా ‘అ’ రాస్తారు, ‘అమ్మ’ అంటారు, పిల్లలు గట్టిగా అరుస్తారు. మూడు నిమిషాలు బాగానే నడుస్తుంది. నాలుగో నిమిషంలో వెనక బెంచీలో పెన్సిల్ కోసం కొట్లాట మొదలవుతుంది.

అదే గదిలోకి మీరు నాలుగు గిన్నెల రంగునీళ్లు, ఒక కట్ట పాత కాగితాలు, ఇంట్లో మిగిలిన రెండు బ్రష్షులు పట్టుకెళ్లారనుకోండి. క్లాసు నిశ్శబ్దంగా ఉంటుందని హామీ ఇవ్వలేను. కానీ ఆ ఇరవై నిమిషాల్లో తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడూ నడుస్తాయి. అవి నడిచాయని ప్యానెల్‌కు మాటల్లో చెప్పగలగాలి. మీ ఉద్యోగం తేలేది అక్కడే. ‘పిల్లలు ఎంజాయ్ చేశారు సార్’ అంటే సరిపోదు. ఏం నేర్చుకున్నారో చెప్పాలి.

కర్నూలు, కడపల్లో డిగ్రీ, డీఈఎల్‌ఈడీ, బీటెక్ పూర్తిచేసి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లకు ఇది ఎందుకంటే.. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే అందులో 6,371 ఎస్జీటీలే. అంటే ప్రైమరీ పిల్లల దగ్గరి పోస్టులు. టెట్ పేపర్-1లో 150 మార్కులకు 30 మార్కులు చైల్డ్ డెవలప్‌మెంట్, పెడగాజీవే. జాతీయ విద్యావిధానం-2020 తర్వాత 3 నుంచి 8 ఏళ్ల వయసును ‘ఫౌండేషనల్ స్టేజ్’ అని విడిగా చూస్తున్నారు. దానికోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆట, బొమ్మ, కథ, పాటలను చదువుకు అదనంగా కాకుండా చదువుగానే లెక్కేస్తుంది. ఆర్ట్‌ను పాఠంలో కలిపి చెప్పడాన్ని ‘ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్’ అంటున్నారు. ఈ మాట ఇంటర్వ్యూల్లో వినపడుతోంది. చాలామంది దాన్ని నిర్వచనం వరకే బట్టీ పడుతున్నారు.

ఒక చిన్న స్పష్టత. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ప్రైమరీ పోస్టులకు బీఈడీ పనికిరాదు, డీఈఎల్‌ఈడీ ఉండాలి. నాలాంటి బీటెక్ వాళ్లు ఎడ్‌సెట్ రాసి బీఈడీ చేయొచ్చు కానీ ఆ దారి హైస్కూలుకు వెళ్తుంది. ఇది తెలియకుండా రెండేళ్లు పోగొట్టుకోకండి.

పసుపు, వంటసోడా, నిమ్మకాయ

రంగులంటే వెంటనే ‘మా ఊరి బడిలో అంత ఖర్చు ఎవరు పెడతారు’ అంటారు. ఖర్చు లేకుండా మొదలుపెడదాం. వంటింటి పసుపు నీళ్లలో కలిపి కాగితమంతా పూయించండి. ఎండలో పెడితే కాసేపట్లో ఆరుతుంది, మన ఎండ ఎలాగూ ఉచితమే. ఆరిన కాగితం మీద వంటసోడా కలిపిన నీళ్లలో బ్రష్షు ముంచి గీయమనండి. పసుపు మీద ఎర్రటి గీత పడుతుంది. పిల్లలు ‘హో’ అని ఒక్కసారి అరుస్తారు. దానిమీద నిమ్మరసం చుక్క వేస్తే ఎరుపు పోయి మళ్లీ పసుపు వస్తుంది.

పసుపులో ఉండే కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది, ఆమ్లం తగిలితే వెనక్కి వస్తుంది. ఏడో తరగతిలో ‘సూచికలు’ అని పిల్లలు చదివేది ఇదే. ఒకటో తరగతి వాడికి ఆ పేర్లేవీ అక్కర్లేదు. ‘ఏం చేస్తే ఎర్రగా అయింది? మళ్లీ పసుపు చేయాలంటే?’ అని అడిగితే చాలు. కారణం, ఫలితం అనే ఆలోచన వాడి చేతిలోనే ఉంటుంది. పసుపు, సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయని దిష్టి తీసే అవ్వకు ఎప్పుడో తెలుసు కాబట్టి, ఇంటికి వెళ్లి అవ్వను అడిగిరమ్మంటే అది రేపటి తెలుగు పీరియడ్. ఒక జాగ్రత్త. పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి, కళ్లలో పడితే ప్రమాదం. వంటసోడా చాలు.

మిగతా రంగులకూ దూరం పోనక్కర్లేదు. ఎర్రమన్ను, నల్లరేగడి, సుద్ద, బొగ్గు మనచుట్టూ ఉన్నవే. కర్నూలు ఉల్లి మార్కెట్‌లో పారేసే పొట్టు ఉడకబెడితే నారింజకు, గోధుమకు మధ్య రంగు వస్తుంది. ఈ రెండు జిల్లాల్లో మట్టితో బొమ్మలేయడం కొత్త సంగతేమీ కాదు. ఓర్వకల్లు మండలం కేతవరం రాళ్ల మీద, కడప జిల్లా ముద్దనూరు దగ్గరి చింతకుంట గుండ్ల మీద ఆదిమానవులు ఎర్రమట్టి రంగుతో, తెల్లటి సుద్దతో వేసిన జంతువుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. చింతకుంటలో ఒక గుండుకు ఊరివాళ్లు ‘ఎద్దుల ఆవుల గుండు’ అనే పేరు పెట్టుకున్నారు. మూడో తరగతి పిల్లలకు ఆ ఫొటో చూపించి, ‘కాగితం లేని కాలంలో వాళ్లు రంగు ఎట్లా తయారుచేసుకొని ఉంటారు?’ అని అడిగి, మట్టి జల్లెడ పట్టించండి. చరిత్ర పాఠం చేతులకు అంటుకుంటుంది.

తడి బండ మీద లెక్కలు, సైన్సు

ఇక అసలు రంగే అక్కర్లేని పెయింటింగ్ ఒకటుంది. మన బడుల్లో కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచిన వరండా ఉంటుంది కదా. పిల్లల చేతికి బ్రష్షు, ఒక చెంబు నీళ్లు ఇవ్వండి. బండ మీద నీళ్లతో బొమ్మ వేస్తే నల్లగా కనిపిస్తుంది, కాసేపటికి మాయమవుతుంది. నీడలో వేసిన బొమ్మ ఎక్కువసేపు ఉంటుంది, ఎండలో వేసింది తొందరగా పోతుంది. ఎవరి బొమ్మ ముందు పోయిందో వాళ్లే అంకెలు లెక్కపెట్టి చెబుతారు. నీళ్లు ఎక్కడికి పోయాయి? ‘బండ తాగేసింది’ అని ఒకరు, ‘ఎండ తాగేసింది’ అని ఇంకొకరు అంటారు. ఇద్దరూ తమ మాట ఎట్లా నిరూపిస్తారో అడగండి. బాష్పీభవనం అనే పదం ఐదేళ్ల తర్వాత వస్తుంది, వచ్చినప్పుడు ఈ బండ గుర్తొస్తుంది.

ఇంకో లాభం చేతిరాతది. తెలుగు అక్షరాలు దాదాపు అన్నీ గుండ్రం. ఐదేళ్ల పిల్లకు వేళ్ల కంటే ముందు భుజం, మోచేయి, మణికట్టు అదుపులోకి వస్తాయి. చిన్న పలక గళ్లలో ‘ఱ’, ‘ఠ’ రాయించేముందు వరండాలో చేయంతా తిప్పి పెద్దపెద్ద సున్నాలు, మెలికలు వేయిస్తే ఆ కదలిక ముందే అలవాటవుతుంది. తర్వాత సన్న బ్రష్షు. దాన్ని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పట్టుకుంటారు, పెన్సిల్ పట్టు కూడా అదే. అమెరికాలో రోడా కెల్లాగ్ అనే ఆవిడ దేశదేశాల చిన్నపిల్లల బొమ్మలు లక్షల్లో సేకరించి, పిచ్చిగీతల్లోనూ ఇరవై రకాల మూల గీతలు ఉన్నాయని 1969లో ఒక పుస్తకం రాశారు. మీకు ‘గీకుడు’లా కనిపించేది ఆ పిల్లకు అక్షరాల ముడిసరుకు.

లెక్కల సంగతి గిన్నె దగ్గర మొదలవుతుంది. ఒక గుంపుకు పసుపు ఒక చెంచా, నీలం ఒక చెంచా. ఇంకో గుంపుకు పసుపు మూడు చెంచాలు, నీలం ఒక చెంచా. మొదటిది ముదురాకు రంగు, రెండోది చిలకపచ్చ. ‘మాకూ చిలకపచ్చ కావాలి’ అని మొదటి గుంపు అడిగితే, ‘ఎన్ని చెంచాల పసుపు కలపాలో మీరే చెప్పండి’ అనండి. నిష్పత్తి అనే మాట ఎవరూ అనలేదు, కానీ అందరూ చేసేశారు. కాగితం సగానికి మడిచి ఒకవైపు రంగు వేసి అద్దితే రెండోవైపు అదే వస్తుంది, అది సౌష్ఠవం. టెట్‌లో పియాజే అని చదువుతారు కదా, పొట్టి గ్లాసులోని నీళ్లు పొడుగు గ్లాసులో పోస్తే ‘ఎక్కువయ్యాయి’ అని పిల్లలు అంటారని? బ్రష్షు కడిగిన రంగునీళ్లతో ఒకసారి చేసి చూడండి. పరీక్షలో ఆ బిట్ ఇక మరిచిపోరు.

త్రికోణం కొండలు

బొమ్మ వేయమంటే మన పిల్లలు ఏం వేస్తారో చెప్పనా? రెండు త్రికోణం కొండలు, మధ్యలో సూర్యుడు, కొండల్లోంచి ఒక నది, పక్కన గుడిసె, రెండు కొబ్బరిచెట్లు. కోసిగిలోనూ ఇదే, పులివెందులలోనూ ఇదే. కిటికీలోంచి చూస్తే కనిపించేవి గుండ్లు, తుమ్మచెట్లు, వేరుశనగ చేలు. ఎర్రమల కొండలైతే పైన కోసేసినట్టు చదునుగా ఉంటాయి, వాటికి త్రికోణం మొన ఎక్కడిది? ఆ బొమ్మ ఎవరో టీచరు బోర్డు మీద వేస్తే చూసి దించింది. తరం నుంచి తరానికి ఫార్వర్డ్ అవుతున్న మెసేజ్ లాంటిది.

నాకు ఈ విషయంలో కాస్త పట్టుదల ఎక్కువే. అచ్చు వేసిన ఏనుగు బొమ్మ ఇచ్చి ‘గీత దాటకుండా రంగు నింపు’ అనడం కూడా ఇదే కోవ. అందులో పిల్ల చేసే నిర్ణయం ఒక్కటీ ఉండదు. అదే ‘బయటికి వెళ్లి ఒక చెట్టును ఐదు నిమిషాలు చూసి వచ్చి వేయి’ అంటే కొమ్మలు ఎటు వంగాయో, ఆకులు ఎక్కడ లేవో చూడాలి. పరిసరాల విజ్ఞానంలో ‘పరిశీలించండి’ అని ప్రతి పాఠంలో ఉంటుంది. పరిశీలించడమంటే ఏంటో ఎవరూ చూపించరు. చూపించేది ఇదే.

‘ఇంటి నుంచి బడికి దారి’ వేయమంటే ఇంకా మంచి సంగతి బయటపడుతుంది. దారి పైనుంచి చూసినట్టు, ఇల్లు ఎదురుగా చూసినట్టు, ఇంటి గోడలోంచి లోపలున్న అమ్మ, పొయ్యి కనిపిస్తున్నట్టు ఉంటుంది. తప్పు అని కొట్టేయకండి. పిల్లలు కంటికి కనిపించింది కాకుండా తమకు తెలిసింది వేస్తారని ఫ్రాన్స్‌కు చెందిన లూకే 1927లోనే రాశాడు, పియాజే దాన్ని వాడుకున్నాడు. ఆ బొమ్మే మొదటి మ్యాపు. నాలుగో తరగతికి వచ్చేసరికి అదే పిల్లలతో సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కెనాల్ కర్నూలు నుంచి కడప వైపు ఎలా వెళ్తుందో నేల మీద సుద్దతో, నీలం రంగుతో వేయించవచ్చు. కాలువ కింద ఏ ఊళ్లు ఉన్నాయి, ఏ ఊళ్లు దూరంగా ఉన్నాయి, ఎవరి చేలో వరి, ఎవరి చేలో శనగ? సాంఘికశాస్త్రం మొత్తం ఆ నీలం గీత పక్కన కూర్చుంటుంది.

గుంటూరు నుంచి వచ్చిన పిల్లాడు

ఇంతవరకూ చెప్పింది అన్ని బడులకూ వర్తిస్తుంది. మన దగ్గర ఇంకో సంగతి ఉంది. కర్నూలు జిల్లా పడమటి మండలాలు.. కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు వైపు.. పంటలు సరిగా లేని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లల్ని వదిలివెళ్లడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టారు, అయినా చాలామంది వెంట వెళ్తారు. నెలల తర్వాత తిరిగొచ్చేసరికి పుస్తకం ముప్పై పేజీలు ముందుకు పోయి ఉంటుంది. ఆ పిల్లాడిని లేపి చదవమంటే తల దించుకుంటాడు. రెండు వారాలు అలా గడిస్తే బడికే రాడు.

రేపు మీకు పోస్టింగ్ అక్కడే రావొచ్చు. ఆ పిల్లాడితో ఏం చేస్తారు?

రంగులివ్వండి. బొమ్మకు వెనక పాఠం రానక్కర్లేదు. వాడు కాగితమంతా ఎరుపు పూశాడనుకుందాం. ‘ఏమప్పా, ఇది యాడ?’ అని అడగండి. ‘మిరపకాయల కల్లం సార్. ఆడ మా యమ్మ ఉండాది’ అంటాడు. ఆ మాటను వాడు చెప్పినట్టే బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో రాయండి. ‘ఆడ’ను ‘అక్కడ’ అని దిద్దకండి, ఇప్పుడే వద్దు. వాడు తను చెప్పిన వాక్యాన్ని తనే వేలు పెట్టి చదువుతాడు. మర్నాడు ఆ వాక్యంలోంచి ‘మిరప’, ‘అమ్మ’ విడదీయండి. ఎన్ని టిక్కీలు నింపారు, ఒక్కో టిక్కీ ఎంత బరువు, కూలి ఎంత అంటే లెక్కల్లో క్లాసులో వాడే ముందుంటాడు. ఇన్నాళ్లూ బడికి రాలేదని వెనకబడిన పిల్లాడు గుంటూరు చూసొచ్చిన మనిషిగా క్లాసులో నిలబడతాడు. మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి పిల్లా చదవాలి, లెక్క చేయాలి అని 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. 2026-27 గడువు. ఆ లక్ష్యం చేరడం, చేరకపోవడం ఇలాంటి పిల్లల దగ్గరే తేలుతుంది.

ఎక్కువ చెప్పొద్దు

ఉత్సాహంలో ‘పెయింటింగ్ వేస్తే మార్కులు పెరుగుతాయి’, ‘కుడి మెదడు వికసిస్తుంది’ అని ప్యానెల్ ముందు అనేయకండి. వాట్సాప్‌లో తిరిగే మాటలవి. హార్వర్డ్‌లోని ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, బొమ్మలు వేయడం వల్ల ఇతర సబ్జెక్టుల మార్కులు పెరిగాయనడానికి గట్టి ఆధారం లేదని 2000లో తేల్చిచెప్పారు. వాళ్లు ఆర్ట్‌కు వ్యతిరేకులు కారు. తర్వాత ఆర్ట్ క్లాసుల్లో కూర్చుని చూసి, అక్కడ నిజంగా అలవడేవి ఏంటో రాశారు. నిదానంగా చూడటం, లేనిదాన్ని ఊహించడం, విసుగు పుట్టినా వదలకపోవడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం లాంటివి. కాబట్టి రంగుల గిన్నె దానంతటదే లెక్కలు నేర్పదు. గిన్నె పక్కన కూర్చుని ‘ఎన్ని చెంచాలు?’ అని అడిగే టీచరు నేర్పుతారు. అడగకపోతే అది గంటసేపు కాలక్షేపం, తర్వాత గచ్చు కడుక్కోవడం.

మీకు కూడా పనికొచ్చేది ఒకటి ఉంది. పదాన్ని మళ్లీ మళ్లీ రాయడం కంటే దాని బొమ్మ గీస్తే ఎక్కువ గుర్తుంటుందని కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీదే ప్రయోగాలు చేసి చూపించారు. బొమ్మ అందంగా ఉండక్కర్లేదు. డీఎస్సీ నోట్సులో ప్రయత్నించి చూడండి.

టెక్ బ్లాగులు రాసేవాణ్ని కాబట్టి ‘ట్యాబ్‌లో డ్రాయింగ్ యాప్ ఉందిగా’ అనే ప్రశ్న నాకు తరచూ వస్తుంది. యాప్ చెడ్డదేం కాదు. కానీ తెర మీద ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలిస్తే పసుపు కనిపిస్తుంది. గిన్నెలో అవే రంగులు కలిపితే మట్టిరంగు వస్తుంది. ఒకచోట కాంతి కలుస్తోంది, ఇంకోచోట రంగు కాంతిని మింగేస్తోంది. ఇది పదో తరగతి పిల్లలకు అద్భుతమైన పాఠం, ఆరేళ్ల పిల్లకు మాత్రం గిన్నె ముందు. పైగా తెర మీద రంగు కారదు, ఆరదు, కాగితం ఉబ్బదు. ‘అన్‌డూ’ నొక్కితే అన్నీ మాయం. గిన్నెలో నలుపు ఎక్కువైతే ఆ నలుపుతో ఏం చేయాలో ఆలోచించాల్సిందే.

దారులు, ఒక ఫైలు

ఈ నైపుణ్యం ఒక్కదానితో ఉద్యోగం రాదు. ఉన్న అర్హతకు ఇది బలం. ఇంటర్ తర్వాతి వాళ్లకు డీఈఎల్‌ఈడీ ఉంది, నాలుగేళ్ల ఐటెప్ కోర్సులో ఫౌండేషనల్ స్టేజ్ అని విడిగా ఉంది. బొమ్మలే ప్రాణమనుకునేవాళ్లకు కడపలోనే 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. చేరేముందు కోర్సుల గుర్తింపు వివరాలు స్వయంగా కనుక్కోండి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాత దారే, బడుల్లో ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్ పోస్టులకు పనికొస్తాయి. అయితే అవి ఎక్కువగా పార్ట్‌టైమ్, జీతం చూసి నిర్ణయించుకోండి. ఎడ్‌టెక్ కంపెనీల్లో చిన్నపిల్లల కంటెంట్ రాసే పనుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, వాటిలో బొమ్మ, వాక్యం ఎలా కలిసి నడుస్తాయో చూడండి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలకు కార్డులతో, బొమ్మలతో నేర్పే పద్ధతిని ఎప్పటినుంచో నడుపుతున్నారు. ఏకోపాధ్యాయ బడికి వెళ్లేవాళ్లు దాని గురించి తెలుసుకుని తీరాలి.

ఇంటర్వ్యూకి ఒక సన్నటి ఫైలు చేసుకోండి. పక్కింటి పిల్లలతోనో, దగ్గర్లోని అంగన్‌వాడీలో అనుమతి తీసుకునో నాలుగు శనివారాలు కూర్చుంటే ఎనిమిదో పదో బొమ్మలు వస్తాయి. ఒక్కోదాని కింద పిల్ల చెప్పిన మాట అచ్చంగా అలాగే, తేదీ, మీరు అడిగిన ప్రశ్న, మర్నాడు దాంతో ఏం చేశారో రెండు లైన్లు. పిల్లల పేర్లు, ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టకండి. తొలి శనివారం బొమ్మ, నాలుగో శనివారం బొమ్మ ఒకే పిల్లవి పక్కపక్కన అంటించండి. ప్యానెల్‌లో కూర్చున్న హెడ్‌మాస్టరు ఆ పేజీ దగ్గర ఆగుతారు. ఏం మారిందో అడుగుతారు. దానికి జవాబు రెండు నిమిషాల్లో చెప్పడం ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీస్ చేసి వెళ్లండి.